ఎండిన చెరువులో పడవకు కాపలా

ఇంతకాలం ఎందుకు రాయలేదంటే

నాకు యాభై రెండేళ్లు వచ్చేదాకా అక్షరాలు రావు. హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసేదాన్ని. కాపలాలో ఆ వారం ఏం జరిగిందో నేను చెబితే ఆఫీసు గుమాస్తా రాసుకునేవాడు. నేను చెప్పింది ఎంత, ఆయన రాసింది ఎంత అన్నది నాకు తెలిసే దారి లేదు. ఆ తర్వాత మా ఊరి అంగన్‌వాడీ టీచరు మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే వేళకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. రెండేళ్లకు పేపరు కూడబలుక్కుని చదవగలిగాను. రాయడం ఇంకా ఆలస్యంగా వచ్చింది.

రాయడం వచ్చాక కూడా ఇది రాయలేదు. భయపడ్డాను. నేను చేసిన తప్పు ఆఫీసులో మా సారు ఒక్కరికే తెలుసు. కాగితం మీదికి వస్తే నా పని పోయేది, నన్ను ఉంచుకున్నందుకు ఆయనకూ మాట వచ్చేది. ఇప్పుడు ఇద్దరం పనిలోంచి దిగిపోయాం. ఇంకొక మనిషిని కూడా అడగాల్సి ఉండింది. పోయిన నెల వాళ్ల ఊరికి వెళ్లి అడిగాను. "రాసుకో. నా పేరు మాత్రం మార్చు" అంది. మార్చాను. ఇందులో ఆమె ఓబుళమ్మ.

పాత కట్టడాలకూ పాత వస్తువులకూ కాపలా పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు దీన్ని చదవాలని నా కోరిక. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం ఎక్కడికి పోయింది అన్నవి మీకు ఆఫీసులోనే తెలుస్తాయి. అక్కడ తెలియనివి చెబుతాను.

చెక్కలో చెక్క లేదు

మాది కళ్యాణదుర్గం వైపు వేరుశనగ ఊరు. వానలు లేని ఒక ఏడాది మా చెరువులో పూడిక తీసే పని పెట్టారు. జేసీబీ తవ్వేది, మేము ఆడవాళ్లం గట్టున రాలిన మట్టి తట్టలకెత్తి మోసేవాళ్లం. ఒకరోజు సంగటి తినడానికి ఒక నల్లటి దూలం మీద కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, చుట్టూ మట్టి పగిలిపోయి ఉంది, నా చీర మాత్రం కింద తడిసింది. లేచి చూస్తే అది దూలం కాదు. వరుసగా ఇనుప మేకులు, పక్కన ఇంకో పలక, దాని పక్కన ఇంకోటి. జేసీబీ పన్ను అప్పటికే ఒక మూల కొట్టేసింది. నేను తట్ట తీసుకుపోయి ఆ బండి ముందర వేసి అడ్డం నిలబడ్డాను.

"పక్కకు జరుగు మే, టైము పోతాండాది" అని డ్రైవరు అరిచాడు.

"ఈడ ఏందో ఉండాది. మా సర్పంచి వచ్చేదాకా ఆపు" అన్నాను.

అట్లా మొదలైంది. అనంతపురం నుంచి మహబూబ్ సారు వచ్చారు. పాతవస్తువుల శాఖలో చిన్న ఆఫీసరు, పొడవాటి మనిషి, ఎండకు తలమీద తువ్వాలు వేసుకుని మట్టిలో బోర్లా పడుకుని మరీ చూశారు. రెండెద్దుల బండ్లు రెండు ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఎంత పొడవో అంత పడవ. అడుగు బల్లపరుపు. పాతకాలంలో చెరువు నిండుగా ఉన్నప్పుడు పూడిక తీసి, కట్టకు రాళ్లు చేరవేయడానికి దాన్ని వాడి ఉంటారని చెప్పారు. చుట్టూ కంచె వేసి, పైన రేకులు వేసి, రక్షిత స్థలమని బోర్డు పెట్టారు. బండికి అడ్డం నిలబడిన మనిషే కాపలాకు కావాలని నన్ను పెట్టుకున్నారు.

చూడటానికి వచ్చినవాళ్లు అందరూ ఒకే మాట అడిగేవాళ్లు. "రాజుల యుద్ధ నౌక అంట కదా?" ఎవరో పేపర్లో అట్లా వేశారు. మట్టి మోసిన పడవ అంటే ముఖాలు చిన్నవి చేసుకుని పోయేవాళ్లు. నాకు మాత్రం అదే నచ్చింది.

మొదటిరోజు సారు నా బొటనవేలు పట్టుకుని పలక మీద గోటితో నొక్కించారు. గోరు వెన్నలోకి దిగినట్టు దిగింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"చూసినావా సుంకమ్మా? ఈ చెక్కలో చెక్క లేదు. ఎప్పుడో కరిగిపాయ. లోపల నీళ్లుండాయి, ఆ నీళ్లే దీన్ని నిలబెట్టినాయి. నీళ్లు ఆరినాయంటే పడవ లేదు."

"మా ఊర్లో నీళ్లతో నిలబెట్టాలనా సారూ?"

"అదే కదా మన ఖర్మ" అని నవ్వారు.

పని అంటే అదే. గోనెసంచులు పరచడం, తడపడం, ఆరకముందే మళ్లీ తడపడం. సెలవు లేదు. ఎక్కడైనా పెళ్లికి పోతే ముద్ద నోట్లోకి పోయేది కాదు. ఎండ చూస్తే గోనెలు ఆరుతున్నట్టే అనిపించేది. ఈ పనిలో భయం పోవాలని చూడకండి. భయం పోయిన రోజు ఏదో ఒకటి ఆరిపోతుంది.

రెండు గంటలు

ఒక పెద్ద ఆఫీసరు సంగతి చెప్పాలి. ఎవరో పెద్దమనుషులను తీసుకుని మే నెలలో వచ్చారు. గోనెలు అన్నీ తీసేయమన్నారు. ఫొటోలకు తడి కనపడకూడదట, చెక్క రంగు కనపడాలట. మహబూబ్ సారు ఒకసారి వద్దన్నారు, రెండోసారి అనలేదు. నేను అసలే అనలేదు. రెండు గంటలు. టెంకాయ పగిలినట్టు చిన్న శబ్దం వచ్చింది. ముందు పలక నిలువునా చీలి వేలు దూరేంత సందు పడింది.

వాళ్లు పోయాక సారు ఆ సందు మీద తానే తడి గోనె కప్పారు. "రెండోసారి కూడా వద్దనాల్సింది" అన్నారు. నాకు తెలిసి ఆయన మంచి ఆఫీసరు. అయినా ఆ రోజు తప్పు ఆయనదీ, నాదీ. పైవాడు అడిగితే తీసేవాళ్లం మనం. చేతులు మనవి.

నీళ్ల విషయంలో కూడా ఒక తప్పు చేశాం. ఊరికి ట్యాంకరు వచ్చే రోజుల్లో పడవకు కూడా ఒక ట్యాంకరు వచ్చేది. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు కంచె బయట నిలబడి చూసేవాళ్లు. ఎవరూ తిట్టలేదు, అది ఇంకా కష్టం. చివరికి ఒక ముసలామె అంది, "చచ్చిన పడవకు నీళ్లు పోస్తాండావు, బతికిన బర్రెకు లేవు. నీ సారుకు చెప్పు మే, నేను పడవనై పుడతానని." ఆ వారమే మా ఊరి మినరల్ వాటర్ ప్లాంటులో కాలువకు వదిలేసే నీళ్లు వాడుకోవచ్చా అని సారును అడిగాను. ఆయన సీసాలో పట్టుకుపోయి పరీక్ష చేయించి సరేనన్నారు. అప్పటి నుంచి తాగేనీళ్లు ముట్టలేదు. ఇది పైనుంచి వచ్చిన ఆలోచన కాదు. జనం మధ్య నిలబడితేనే తడుతుంది.

నేను పుట్టించిన మాట

ఇప్పుడు నా తప్పు.

మా వైపు గుప్తనిధుల పిచ్చి మీకు తెలుసు. పాత రాయి కనపడితే కింద బంగారం ఉందంటారు. ఒక పొద్దున నేను వచ్చేసరికి కంచె తెంపి ఉంది, పడవ కిందికి మోకాలి లోతు తవ్వి ఉంది. పక్కన నిమ్మకాయలు, సగం కాలిన కర్పూరం. స్టేషనుకు పోతే "కట్టె కోసం ఎవడు కేసు రాస్తాడమ్మా" అన్నారు. మళ్లీ పది రోజులకు ఇంకో గుంత. నాకు అన్నం సయించలేదు. ఒంటిదాన్ని, చేతిలో కట్టె, అంతే.

అప్పుడు నాకు తోచింది ఒకటే. జనం ఎప్పుడూ మసలే చోట దొంగ తవ్వలేడు. జనాన్ని రప్పించాలి. ఒక శుక్రవారం పడవ ముందు కొనకు పసుపుతాడు కట్టి, కుంకుమ పెట్టాను. బస్టాపు దగ్గర మారెక్క టీకొట్టుకు పోయి, గంగమ్మ కలలోకి వచ్చి అది తన పడవ అని చెప్పిందన్నాను. మారెక్కకు చెబితే మండలానికి చెప్పినట్టే.

"నిజ్జంగానా వదినా? ఏ రంగు చీర కట్టుకొని వచ్చింది?"

"పచ్చది" అన్నాను. నా నోటికి ఎట్లా వచ్చిందో తెలియదు.

మంగళవారాలు, శుక్రవారాలు జనం రావడం మొదలైంది. తవ్వేవాళ్లు ఆగిపోయారు. కంచె మీద చీర ముక్కలు, గేటు దగ్గర టెంకాయ చిప్పలు. సారు వచ్చి పసుపుతాడు చూశారు, నన్ను చూశారు, ఏమీ అడగకుండా గోనెల తడి చూసుకుని వెళ్లిపోయారు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగకపోవడం ఆయనకు సులువైంది, చెప్పకపోవడం నాకు సులువైంది.

తర్వాత తిప్పేస్వామి వచ్చాడు. పక్క ఊరి రైతు. నేను నీళ్లు తేవడానికి పోయినప్పుడు చీలిన పలక నుంచి బొటనవేలంత పుల్ల తీసుకుపోయాడు. ఎన్ని వందల ఏళ్లయినా నీళ్లు విడవని కట్టె కదా, బోరు వేసేచోట పెడితే నీళ్లను పిలుస్తుందని అతని లెక్క. పెట్టాడు. బోరు పడింది. మా వైపు బోరు పడటమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఆగలేదు. టెంకాయ చేతిలో పట్టుకుని నీటిజాడ చూసేవాళ్లు కూడా, ముందు సుంకమ్మ దగ్గర పుల్ల తెచ్చుకోండి అనేవాళ్లట. ఇవ్వనంటే కొడవళ్లతో కొట్టుకుపోతారని భయమేసి, విడిపోయిన పొరలు నేనే నా చేత్తో ఇచ్చాను. విడిపోయినవి అయిపోయాక విడిపోబోయేవి ఇచ్చాను. ఏడాది తిరిగేసరికి పడవ ఒక పక్క ఎలుక కొరికిన రొట్టెలాగా తయారైంది. దొంగలు చేసినదానికంటే నేను చేసిందే ఎక్కువ. ఎవరి బోరైనా పడలేదంటే, ఏదో మైల అంటిందనుకునేవాళ్లు. పుల్లను అనుమానించేవాళ్లు కాదు. నన్ను అసలే కాదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది. వస్తువును కాపాడటానికి కథ కట్టకండి. దొంగ ఒకసారి వస్తాడు. కథ నమ్మినవాడు రోజూ వస్తాడు, చేతులు జోడించుకుని వస్తాడు. వాణ్ని కట్టె పట్టుకుని తరమలేరు.

ఓబుళమ్మ వచ్చిన సాయంత్రం

చెరువు మట్టిలో మిగిలిన కాస్త తడి కూడా ఆరిపోయిన ఏడు వచ్చింది. ప్లాంటు నీళ్లు కూడా సగం అయ్యాయి. నీళ్లు లేకున్నా చెక్క నిలిచేలా మందు పట్టించే తొట్టి కోసం సారు రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఒకరోజు ఆయన వచ్చి, "నీళ్లు మన చేతిలో లేవు. ఇన్నేళ్లు దీన్ని కాపాడింది మట్టి. మట్టికే అప్పజెప్దాం" అన్నారు. పడవ చుట్టూ తడి ఇసుక, పైన బంకమట్టి నిలువెత్తున పోసి మళ్లీ పూడ్చేయాలి. వాన వచ్చి చెరువు నిండితే అది ముందు ఎట్లా ఉండేదో అట్లా ఉంటుంది. పని ఒక బుధవారం పొద్దున తొమ్మిదింటికి పెట్టారు.

పూడ్చేస్తారని తెలిసి మంగళవారమంతా జనమే. ఎవరికీ ఇవ్వలేదు. సాయంత్రం అందరూ పోయాక ఓబుళమ్మ వచ్చింది. చెప్పులు గేటు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆమే, మొగుడూ మూడు బోర్లు వేశారు, మూడింట్లోనూ దుమ్మే లేచింది. ఉన్న నాలుగెకరాల్లో రెండు వాటికే పోయాయి. మిగిలిన రెండూ తాకట్టు పెట్టి నాలుగో బోరుకు బండి పిలిపించారు. అది మర్నాడు పొద్దునే వస్తుంది.

"అక్కా, గోరంత చాలు" అంది.

ఇన్నేళ్లు మింగుతూ వచ్చిన మాట అప్పుడు బయటికి వచ్చింది. ఎందుకు ఆమెకే వచ్చిందో నాకు తెలియదు. ఆ రెండెకరాలు కావచ్చు.

"ఓబుళమ్మా, ఈ పడవలో గంగమ్మ లేదు. నాకు కల రాలేదు. దొంగల కోసం నేను పుట్టించిన మాట అది. దీన్ని నమ్ముకొని బోరు వెయ్యొద్దు."

ఆమె కట్టుకున్న చేతులు విప్పింది.

"తిప్పేస్వామన్నకు పడింది కదా?"

"ఆయప్ప అదృష్టం. పుల్లది కాదు."

"అట్లనా" అంది. గొంతు పెంచలేదు. "అందరికీ నీ చేత్తో ఇచ్చినప్పుడు అబద్ధమని గుర్తు రాలేదు. నా కాడికి వచ్చేసరికి నీకు నిజం గుర్తొచ్చిందా? ఉన్నోళ్లకు గంగమ్మ, లేనోళ్లకు నిజమా అక్కా?"

ఆమె చెప్పులు వేసుకుని కట్ట ఎక్కి వెళ్లిపోయింది.

నేను అక్కడే కూర్చున్నాను. ఆమె అన్నది తప్పయితే మర్చిపోయేదాన్ని. కానీ అది తప్పు కాదు. పొద్దుటికి ఆ బోరు దిగితే, పడినా పడకపోయినా అందులో నా మాట ఉంటుంది. ఓబుళమ్మ ఒక్కదానికే చెప్పిన నిజం చెల్లదు. అందరికంటే ముందు పుల్ల దక్కినవాడికి, నీళ్లు పడ్డవాడికి చెబితేనే అది నిజం అవుతుంది. వాడు నన్ను ఊళ్లో తల ఎత్తుకోనివ్వడని తెలుసు.

మర్నాడు పొద్దున

తెల్లవారగానే మొదటి ఆటో పట్టుకుని తిప్పేస్వామి తోటకు వెళ్లాను. అతను బోరు దగ్గర కాలవ కడుతున్నాడు. పైపులోంచి చేతి మణికట్టంత లావు నీళ్లు పడుతున్నాయి. నేను నిలబడే మొత్తం చెప్పాను.

"ఏందక్కా నువ్వు మాట్లాడేది?" అన్నాడు. పైపు వైపు చూపించాడు. "ఈ పారేది కనపడలేదా? ఇది అబద్ధమా?"

"నీళ్లు నిజమే అప్పా. గంగమ్మ మాట నాది."

అతను పార అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. కొట్టినా కొడతాడనుకున్నాను. పార కింద పెట్టి ఇంట్లోకి పోయి, దేవుడి గూట్లోంచి ఒక పసుపు గుడ్డ తెచ్చి విప్పాడు. లోపల ఎండుమిరపకాయ తొడిమంత ఉంది, వంకర తిరిగి.

"తెచ్చినప్పుడు బొటనవేలంత ఉండె" అన్నాడు. గొంతు తగ్గింది. "నెలకే ఇట్లయిపాయ. నా వల్ల ఏం అపచారం జరిగిందో అని ఇంట్లోదానికి కూడా చెప్పలే. ఈ బోరు ఎప్పుడు ఎండుతుందో అని రోజూ పొద్దున లేస్తానే చూస్తాండా."

"నీ తప్పేం లేదు. నీళ్లు ఆరితే అది అంతే."

ఓబుళమ్మ సంగతి చెప్పాను. అతను బోరు మోటారు ఆపకుండానే బైకు తీశాడు.

"ఎక్కు అక్కా" అన్నాడు.

మేము పోయేసరికి బోరు బండి స్తంభం లేపి ఉంది. ఓబుళమ్మ భర్త ఆంజినేయులు టెంకాయ కొట్టడానికి వంగుతున్నాడు. తిప్పేస్వామిని చూసి ముఖం వెలిగింది, పుల్ల తెచ్చాడనుకున్నాడు. తిప్పేస్వామి గుడ్డ విప్పి చూపించాడు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి బోరు బండి మనుషులు, చుట్టుపక్కల రైతులు అందరూ వింటుండగా. ఎవరో "థూ" అన్నారు. బండి ఏజెంటు, "వేసేదా లేదా చెప్పండి, ఇంకోచోటికి పోవాల" అన్నాడు.

ఆంజినేయులు టెంకాయ పట్టుకుని ఓబుళమ్మ వైపు చూశాడు. ఆమె ఆ ఎండిన పుల్లను తీసుకుని రెండు వేళ్ల మధ్య నలిపింది. ముక్కుపొడిలాగా రాలిపోయింది.

"స్తంభం దింపప్పా" అంది డ్రైవరుతో. "పొలమన్నా మిగలనీ."

స్తంభం దిగడానికి చాలాసేపు పట్టింది. బండి రోడ్డెక్కాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"బోరూ లేదు, గంగమ్మా లేదు. ఇంక ఏం చెయ్యమంటావు, చెప్పు."

ఏదైనా పెద్ద మాట చెప్పాలనిపించింది. నా దగ్గర అలాంటిది లేదు. పడవ పూడ్చడానికి ఆ రోజు తట్ట మోసేవాళ్లు ఒకరు తక్కువున్నారని చెప్పి, కూలికి రమ్మన్నాను.

తొమ్మిదింటికి ఉండాల్సినదాన్ని పదకొండింటికి చెరువులోకి దిగాను. ఎందుకు ఆలస్యమని సారు అడిగారు. పచ్చ చీరతో సహా అంతా చెప్పాను. ఓబుళమ్మ నా వెనకే వచ్చింది, కొంగు నడుముకు చుట్టుకుని తట్ట అందుకుంది. సాయంత్రం దాకా ఇద్దరం మట్టి మోశాం. పొద్దు మునిగాక ఆమె కూలి లెక్కపెట్టుకుని, నా వైపు తిరగకుండానే కట్ట ఎక్కి పోయింది.